జూబ్లీహిల్స్‌లో సముద్రం

రహమత్ నగర్ నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో జూబ్లీహిల్స్‌లో సముద్రం దొరుకుతుంది. గోడకి వల, మూలన పాత పడవ, స్పీకర్లో అలల చప్పుడు. ఐసు మీద పరిచిన వంజరం, చందువాల్లో ఏది కావాలో ఎంచుకోమంటారు.

ఊరి నుంచొచ్చిన నాన్నని తీసుకెళ్ళాను. మాది ఉప్పాడ, ఇక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు. అక్కడ కడలి ఏటేటా ఒడ్డుని కోసేస్తోంది. అడ్డంగా వేసిన జియోట్యూబ్ గోడా ఆగలేదు. మా పాత ఇల్లున్న చోట ఇప్పుడు నీళ్ళే.

నాన్న మొప్ప ఎత్తి చూశాడు. "ఎరుపు తగ్గింది. మూడ్రోజులై ఉంటది," అన్నాడు. అయినా వేపుడు బాగుందన్నాడు. ముల్లు తీసి నా ప్లేట్లో ఓ ముక్క వేశాడు. కానీ చెయ్యి ఆగి ఆగి కదులుతోంది.

"ఆ మోత కాస్త ఆపమనమ్మా."

సర్వర్ కుర్రాడు సినిమా పాట పెట్టాడు. అప్పుడు తిన్నాడు నాన్న, తీరిగ్గా.