పద్దెనిమిది దాటినాక

డాలస్ పక్కన నేను పనిచేసే వికలాంగ పిల్లల క్లాసులో అందరికీ 18 దాటింది. నేను టీచరుకు సహాయకురాలిని. పుస్తకాలు తక్కువ, వాషింగ్ మెషిన్, స్టవ్వు, కిరాణా చీటీ, చిల్లర డబ్బులు, వీటితోనే పాఠాలు. కొన్ని పొద్దుల్లో ఓ రెస్టారెంటుకు తీసుకెళ్తాం. అక్కడ ఒకబ్బాయి చెంచా, ఫోర్కు, చాకు కలిపి నాప్కిన్‌లో చుట్టి కాగితం పట్టీ అంటిస్తాడు. మొదట్లో ఫోర్కు ముళ్లు నాప్కిన్‌ని చీల్చుకొని బయటికొచ్చేవి. ఏది ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి బల్లకి అతికించాం. ఇప్పుడు ఆ బొమ్మ వైపు చూడనే చూడడు.

ఇదేం చదువని మనవాళ్లు నవ్వుతారు. ఇది చట్టం ఇచ్చిన చదువే. 1975లో అమెరికాలో వికలాంగ పిల్లలందరికీ ఉచిత విద్య హక్కయింది. అవసరమున్నవాళ్లకి 21 ఏళ్ల దాకా బడి సాయం చేయాలి. బడి తర్వాతి బతుకు గురించి 16 ఏళ్లకల్లా రాతలో ప్రణాళిక ఉండాలి. టెక్సాస్‌లో 14కే మొదలుపెడతారు. నాకు నచ్చింది ఇంకోటి: ఆ ప్రణాళిక రాసే మీటింగుకి పిల్లవాణ్ణీ పిలిచి తీరాలి. ఒకసారి మేమంతా రెస్టారెంటు పని గురించి మాట్లాడుతుంటే, ఒక పిల్లాడు మాటలకు బదులు వాడే తన ట్యాబ్లెట్ మీద కుక్క బొమ్మ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ప్రణాళిక కాగితం మార్చక తప్పలేదు.

ఇక మన దేశంలో, మా గంగవరంలో, మా అక్క కొడుకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రానికి వెళ్లేవాడు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. 2024లో పెంచిన 6,000 రూపాయల పింఛను నెలనెలా ఇంటికే వస్తుంది, దాన్ని తక్కువ చేయను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ఉచిత చదువుకి 18 దగ్గర గీత గీసింది. వాడి బడీ అక్కడే ఆగింది.

అలాగని ఖాళీగా లేడు. పట్టుపురుగుల షెడ్డులో వాడి కన్ను వాడిదే. ఒళ్లు పసుప్పచ్చగా మారి, ఆకు ముట్టకుండా తల పైకెత్తి ఆడించే పురుగుని ఇట్టే ఏరి, గూడు కట్టే చంద్రిక మీదికి వేస్తాడు. ఇక్కడైతే ఇంత పనికి ఒక కోచ్, ఒక ఫైలు కావాలి. అక్కడ మా బావ పక్కన నిలబడి నేర్పించాడు, అంతే. కాకపోతే కూలికొచ్చినోళ్లకి సాయంత్రం డబ్బులు, వీడికి టీ.

అమెరికా ఏదో స్వర్గమని కాదు. 22 వచ్చేసరికి స్కూలు బస్సు రావడం మానేస్తుంది. ఆ తర్వాత సర్కారు సాయం కోసం టెక్సాస్‌లో పదేళ్లకు పైగా వరుసలో ఉన్న కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకి వాళ్లింట్లో పట్టుపురుగుల షెడ్డు ఉండదు.

మొన్న వీడియో కాల్‌లో మా అక్క కొడుకునే అడిగాను, నీకేం పని చేయాలనుందిరా అని. అక్క అందుకుంది: "వాణ్ణేం అడుగుతావు మే, షెడ్డు పనుంది గదా."

"వాణ్ణి చెప్పనీక్కా."

చాలాసేపు ఆలోచించి అన్నాడు: "టమోటా బండెక్కి మదనపల్లికి పోతా చిన్నమ్మా. నాయన వద్దు, డ్రైవరన్నతో."

బావ ఒప్పుకోలేదు. మార్కెట్లో తప్పిపోతే ఎవరిది బాధ్యత అంటాడు. ఆ భయమూ నిజమే. బాక్సుల లెక్క తప్పకుండా చెప్తే అప్పుడు చూద్దామన్నాడు. అక్క ఇప్పుడు పెరట్లో ఖాళీ బాక్సులు పేర్పించి లెక్క పెట్టిస్తోంది. పన్నెండు తర్వాత పదమూడు మర్చిపోతున్నాడట.