నాటితే సరా... నీడ నిలవాలి!

పల్నాడులో మొక్క నాటడం పెద్ద పనేం కాదు. దాన్ని మే నెల దాటించడమే అసలు పని. వానలు వెనకపట్టి, చలి ఇంకా ముదరకముందు వచ్చే శరదృతువు అందుకు మంచి అదను. ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లనూ పూలచెట్లనూ ఈ కాలంలో ఎలా నాటాలో, ఎలా సాకాలో బెల్లంకొండ చుట్టుపక్కల నేలను చూస్తే తెలుస్తుంది.

సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల వెళ్లే పెద్దరోడ్డును వదిలి, ఉత్తరంగా కృష్ణానది వైపు తిరిగితే బెల్లంకొండ వస్తుంది. ఊరికి పేరిచ్చిన కొండ, దానిమీద పాతకోట. 1515లో కొండవీటిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయల దండయాత్రలో ఈ దుర్గం కూడా ఆయన చేజిక్కింది. కోట చూడాలనుకునేవారు ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో రావడం మేలు. అప్పుడు కొండవాలంతా గడ్డి, తంగేడు పూలు. కింద చేలల్లో పత్తి విచ్చుకుంటూ, మిరప పూతకొస్తూ ఉంటుంది. ఈ నేల ఇంత పచ్చనిదా అనిపిస్తుంది.

అదే కొండను మే నెలలో చూస్తే వేరే లోకం. గడ్డి మాడిపోతుంది. రాయి సెగలు కక్కుతుంది. నల్లరేగడి నేల బెత్తెడేసి బీటలు తీస్తుంది. ఆ రోజుల్లోనూ పచ్చగా నిలిచేవి కొన్నే... బావి దగ్గరి చింత, బడి ముందరి వేప, వాగు ఒడ్డున కానుగ. ఊళ్లో బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు, మేకలు, సైకిలు మీద ఐసు అమ్మేవాళ్లు... అందరూ వాటికిందే.

పేర్లలో చింత... ఊళ్లకు చింత!

చెట్టు విలువ ఈ ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. ఊళ్ల పేర్లే సాక్ష్యం. పులిచింతల, రెంటచింతల, రావిపాడు. రాష్ట్రంలో ఎండల ప్రస్తావన వస్తే చాలు, రెంటచింతల పేరు వినిపిస్తుంది. అంతటి ఎండల ఊరు కూడా పేరులో చింతను దాచుకుంది మరి.

పులిచింతల ఊరి కథ వేరు. బెల్లంకొండ మండలంలోని ఆ గ్రామం పేరుతోనే కృష్ణపై ప్రాజెక్టు కట్టారు. దానికే డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఆ జలాశయం పూర్తి నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. కిందనున్న డెల్టా పొలాలకు అది ధీమా ఇచ్చింది. పైనున్న ఊళ్లను మాత్రం ముంచింది. పులిచింతలతోపాటు ఒకప్పుడు వజ్రాల గనులతో ప్రపంచమంతా పేరు మోగిన కొల్లూరూ ముంపులోకి పోయింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియె వచ్చి చూసింది ఆ కొల్లూరు గనుల్నే.

ఊరు మునిగితే ఇంటికి లెక్క కడతారు, పొలానికి లెక్క కడతారు. రచ్చబండ మీది రావిచెట్టు నీడకు లెక్క కట్టేదెవరు? పునరావాస కాలనీలో ఇల్లు ఏడాదిలో లేస్తుంది. చెట్టు లేవాలంటే పదిహేనేళ్లు పడుతుంది. అందుకే ఇలాంటి కొత్త కాలనీల్లో ఒక మొక్క చచ్చిపోతే పోయేది ఆ మొక్క ఖరీదు కాదు... మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సిన ఏళ్లు.

శ్రావణమా... కార్తికమా?

మొక్కలు నాటే వేడుక అనగానే మనకు జులై గుర్తొస్తుంది. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం జులైలోనే జరుగుతుంది. తొలకరితో నాటడం తప్పేమీ కాదు. నీళ్లు పోసే దిక్కులేని కొండవాలులో, అడవిలో అదే సరైన పద్ధతి. మొక్కకు వానాకాలమంతా దొరుకుతుంది.

కానీ పల్నాడులో తొలకరిని నమ్మడం కష్టం. పాత గుంటూరు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు. అందులో నైరుతి వాటా 525 దాకా ఉంటే, అక్టోబరు తర్వాత వచ్చే ఈశాన్యం వాటా 230 దాకా ఉంటుంది. జూన్, జులైలలో ఒక వాన పడి పదిహేను రోజులు ముఖం చాటేయడం ఇక్కడ మామూలే. ఆ పదిహేను రోజుల ఎండకే లేతమొక్క వాడిపోతుంది.

హస్త, చిత్త, స్వాతి కార్తెలు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. అంటే సెప్టెంబరు ఆఖరి నుంచి నవంబరు మొదటి వారం దాకా. నేల లోతుదాకా తడిసి ఉంటుంది. ఎండ మెత్తబడుతుంది. ఆకు నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. మట్టిలో వెచ్చదనం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి వేరు చురుగ్గా సాగుతుంది. ఇంటిముందు, వీధిలో, బడిలో... వేసవిలో రెండు బిందెలు పోసేవారున్న చోటల్లా ఇది మంచి సమయం.

చలిదేశాల్లోనూ సూత్రం ఇదే. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు పెరటి అంచున పచ్చని గోడలా ఆర్బర్‌వీటే మొక్కలు వేయాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వేస్తారు. మంచు పడేలోపు వేరు నిలదొక్కుకోవాలి. అక్కడ గండం జనవరి. ఇక్కడ గండం మే. అంతే తేడా!

ఏ చెట్టు ఎక్కడ?

వేప, కానుగ, చింత, పొగడ, నేరేడు... నీడకు ఇవే పెద్దదిక్కు. వేప, కానుగ వేసవి మొదట్లో ఆకు మార్చుకున్నా, ఎండలు ముదిరే వేళకు కొత్త చిగురుతో గుబురుగా తయారవుతాయి. పొగడ మెల్లగా పెరుగుతుంది. ఓపిక పడితే ఏడాది పొడవునా చిక్కటి నీడ, ఎండినా వాసన పోని పూలు. నేరేడుకు తడి కావాలి కాబట్టి బోరింగు దగ్గరో, పెరట్లో నీళ్లు పారే చోటో వేసుకోవాలి. మర్రి, రావి గుడి దగ్గర, చెరువు గట్టున బాగుంటాయి. గోడ పక్కన మాత్రం వద్దు.

అందానికైతే రేల, దేవకాంచనం, ఆకాశమల్లె. కరెంటు తీగల కింద పారిజాతం, నందివర్ధనం, గన్నేరు చాలు. గన్నేరును మేకలు ముట్టవు. అయితే అందులో ప్రతిభాగమూ విషమే. చిన్నపిల్లలున్న ఇంట జాగ్రత్త. తురాయి పూస్తే కన్నుల పండుగే కానీ కొమ్మలు పెళుసు. తుపాను గాలికి విరిగి కప్పుల మీద పడతాయి.

తొందరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుందని కొన్నేళ్లపాటు ఊరూరా కోనోకార్పస్ నాటారు. పుప్పొడితో శ్వాస ఇబ్బందులు వస్తాయని, వేళ్లు పైపుల్లోకి చొరబడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాక 2023లో గుజరాత్ దాన్ని నాటడాన్ని నిషేధించింది. పచ్చగా ఉన్నదల్లా మనకు పనికొచ్చేది కాదని అదో పాఠం.

గుంతలోనే ఉంది గుట్టు

కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కల్ని కొనేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోకూడదు. కవరు అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. మూడు నాలుగడుగుల ఎత్తు, బలమైన కాండం ఉంటే చాలు.

గుంత రెండడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి ఒకవైపు పోయాలి. పైమట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా అరకిలో వేపపిండి కలిపి ముందు దాన్నే నింపాలి. కవరు చించి తీసేయాలి. మొక్క కవరులో ఎంత లోతున ఉందో గుంతలోనూ అంతే లోతున ఉండాలి. కాండం మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది కనుక మొక్క మొదలు కాస్త మిట్టగా ఉండటం మంచిది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. కర్ర పాతి, మొక్కను ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. చుట్టూ తుమ్మకంప పెడితే మేకల బెడద ఉండదు.

సున్నపురాయి ఎక్కువున్న ఈ నేలల్లో మరో చిక్కుంది. నూరువరహాలు, మందార వంటి వాటికి ఇనుము అందదు. లేతాకు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రంపూట పిచికారీ చేస్తే తేరుకుంటాయి.

మే దాకా ముడుపు కట్టాలి

నాటిన నెలంతా వారానికి రెండుసార్లు నీళ్లివ్వాలి. చలికాలంలో వారానికోసారి చాలు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. ఒకేసారి రెండు బిందెలు పోస్తే లోతుకు దిగుతుంది. ఫిబ్రవరి రాకముందే పాదులో వేరుసెనగ పొట్టో, ఎండుటాకులో నాలుగంగుళాల మందాన పరవాలి. అది కాండానికి తగలకూడదు. నేల బీటలిస్తే లేతవేళ్లు తెగుతాయి. ఈ పరుపు ఉంటే తడి నిలిచి బీటలు తగ్గుతాయి. మార్చి నుంచి మళ్లీ వారానికి రెండు తడులు. నీళ్లు కరవైన చోట అడుగున చిన్న చిల్లిపెట్టి వత్తి దూర్చిన పాతకుండను మొక్క పక్కన పాతితే బొట్టుబొట్టుగా వేరుకే అందుతుంది. ఇలా మూడు వేసవులు కాపాడితే ఆ తర్వాత చెట్టే మనల్ని కాపాడుతుంది.

ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేసేది కార్తికంలోనే. కాలనీలోనో, బడిలోనో పిల్లలతో కలిసి నాటడానికి అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? ఎన్ని నాటామన్నది ఆ రోజే లెక్కపెట్టనక్కర్లేదు. మరుసటి కార్తికంలో ఎన్ని బతికాయో లెక్కపెట్టుకుని, పోయినచోట మళ్లీ నాటితే చాలు.