మేత పెంచితేనే మాండరిన్

విశాఖ పెదవాల్తేరులో ఆ ఇంటి మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. లోపలి గదిలో ఉన్న అక్వేరియంలోకి మాత్రం ఆ నీళ్లు చుక్క కూడా రావు. ఆర్వో నీటిలో సింథటిక్ ఉప్పు కలిపి, లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం తెప్పిస్తారు. ఆ ఇంటావిడ జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్. ‘‘సముద్రం ఇంత దగ్గరుండగా ఇదెందుకు మేడమ్?’’ అని అడిగాను.

‘‘ఒడ్డు నీళ్లలో మురుగు కలుస్తుంది బాబూ. వరదల కాలంలో నదుల నీళ్లొచ్చి బంగాళాఖాతంలో ఉప్పదనమే పడిపోతుంది. వీటికి ఆ హెచ్చుతగ్గులు పడవు’’ అన్నారు.

‘వీటికి’ అన్నది మాండరిన్ చేపల జంట గురించి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు పగడపు దిబ్బల సందుల్లో తిరిగే జాతి ఇది. మన తీరంలో లేదు. రెండున్నర అంగుళాల పొడవు, పొలుసుల్లేని ఒళ్లు, ముదురు నీలం మీద నారింజ వంకీలు. జంతువుల్లో మనం చూసే నీలం చాలావరకు వర్ణకం వల్ల వచ్చింది కాదు, వెలుతురు చెదరడం వల్ల అలా కనిపిస్తుంది. ఈ చేప చర్మకణాల్లో మాత్రం అసలైన నీలి వర్ణకమే ఉందని జపాన్ శాస్త్రవేత్తలు గోడా, ఫ్యూజీ 1995లో చూపించారు.

మేడమ్ నన్ను మొదట వెనక వరండాలోకి తీసుకెళ్లారు. అక్కడ వరసగా 20 లీటర్ల వాటర్ క్యాన్లు, ఒక్కోదానిలో గాలి గొట్టం. కొన్నిటిలో చిక్కటి పచ్చనీళ్లు. అది నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ శైవలం. మిగతా క్యాన్లలో దాన్ని తిని పెరిగే కోపెపాడ్లు. సన్నటి జల్లెడలో వడగట్టి ఒక చుక్క గాజు పలక మీద వేసి చూపించారు. ఉప్పురవ్వలంతటి జీవాలు, ఒకటే గెంతులు. వాటిలో టిగ్రియోపస్ కాస్త పెద్దది, ఎర్రగా ఉంటుంది. టిస్బె చిన్నది, రాళ్ల సందుల్లోకి దూరుతుంది. అందుకే రెండూ పెంచుతున్నారు. అక్వేరియం పక్కన చేపలు రాలేని అర ఒకటి కట్టి, నాచు వేసి, రాత్రిపూట దీపం పెట్టారు. కోపెపాడ్లు అక్కడ కూడా పిల్లలు పెట్టి, నీటితోపాటు చేపల దగ్గరికి వస్తుంటాయి.

ఇంత ఏర్పాటు ఎందుకో ఆ చేపల దగ్గర కాసేపు కూర్చుంటే తెలిసింది. మాండరిన్ రాయి మీద ఆగి, కన్ను తిప్పి చూసి, కనిపించిన కోపెపాడ్‌ను ఒక్క పోటు పొడుస్తుంది. మళ్లీ రెండడుగులు జరిగి ఇంకో పోటు. పగలంతా అదే పని. గుళికల మేత వేస్తే చాలావాటికి అది తిండి అనే తోచదు. కొత్త అక్వేరియంలో వేస్తే, ఉన్న కాసిని కోపెపాడ్లు కొద్దివారాల్లో అయిపోతాయి. ఆ తరవాత పొట్ట లోపలికి పోతుంది, వీపు సన్నబడుతుంది, రంగు మాత్రం చాలాకాలం తగ్గదు. చూసేవాళ్లకు చేప బాగానే ఉన్నట్టుంటుంది. చచ్చిపోయాక ఏదో జబ్బు చేసిందనుకుంటారు. నిజానికి అది ఆకలి చావు. ఈ సంగతి చెప్పకుండా చేపను అమ్మడం అన్యాయం.

కోపెపాడ్లు స్థిరపడే రాళ్ల విషయంలో మనదేశంలో ఇంకో చిక్కుంది. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. జీవాలతో నిండిన పగడపు రాళ్లను సముద్రం నుంచి తెచ్చుకోవడం నేరం. అలా ఉండటమే మంచిది. మేడమ్ పొడి రాళ్లతో మొదలుపెట్టి, వాటిమీద జీవం నిండేదాకా మాండరిన్ ఊసెత్తలేదు.

చీకటి పడే వేళకి గదిలో దీపాలు తగ్గించారు. మగది ఆడదాని పక్కకి చేరింది. రెండూ ఒంటికి ఒళ్లు ఆనించుకుని నెమ్మదిగా పైకి తేలి, గుడ్లు వదిలి, చటుక్కున కిందికి దిగిపోయాయి. ఆ గుడ్లు ఒక్కరోజులోపే పగిలి పిల్లలొచ్చినా, వాటిని సాకడానికి ప్రత్యేకమైన తొట్లు, ఇంకా సన్నటి మేత కావాలి. విదేశీ హేచరీల్లో అది సాధ్యమైంది. 2010 ప్రాంతంలో అమెరికాలో తొట్లలో పుట్టిన మాండరిన్లు అమ్మకానికొచ్చాయి. వాటికి గడ్డకట్టిన మేత, గుళికలు అలవాటు చేయడం తేలిక. ఫిలిప్పీన్స్‌లోనైతే సముద్రంలోని చేపలను సన్నటి ముళ్లతో గుచ్చి పట్టే పద్ధతి ఉంది. దొరికితే హేచరీ చేపనే అడగాలి.

చాలామందికి ఈ చేప వద్దనే నా అభిప్రాయం. తప్పదనుకుంటే మూడువందల లీటర్లకు తగ్గని అక్వేరియం పెట్టి, కనీసం ఆరునెలలు ఆగండి. ముందు కోపెపాడ్లను పెంచడం నేర్చుకోండి. దుకాణంలో మీ కళ్లెదుట మేత తినని మాండరిన్‌ను, రంగు ఎంత బాగున్నా సరే, కొనకండి.