కారెంపూడిలో అన్నదమ్ములకోసం

గురజాలలో బస్సెక్కి కారెంపూడిలో దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాగులేటిలో నీళ్ళు అంతంతమాత్రం. క్రీ.శ. 1182 ప్రాంతంలో పల్నాటి అన్నదమ్ములు తలపడింది ఈ ఏటి ఒడ్డునే.

పల్నాటి యుద్ధం అనగానే మనకు నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం జ్ఞాపకం వస్తాయి. నేను వెళ్ళింది మాత్రం ఆ అన్నదమ్ములకోసం. నలగామరాజు, మలిదేవరాజు ఇద్దరూ అనుగురాజు బిడ్డలే, తల్లులు వేరు. పెద్దవాడికి గురజాల, చిన్నవాడికి మాచర్ల. పందెంలో ఓడి మలిదేవుడు ఏడేళ్ళు రాజ్యం విడిచాడు. గడువు తీరాక తన భాగం అడిగితే అన్న ఇవ్వలేదు. ఇంతవరకూ భారతమే గదా అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను.

కాని అలరాజు కథ విన్నాక ఆ పోలిక మరిచిపోయాను. మలిదేవుని పక్షాన రాయబారం వెళ్ళిన అలరాజు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. చర్లగుడిపాడులో అతనికి విషం పెట్టారు. అతని భార్య పేరిందేవికి అటు కన్నతండ్రి, ఇటు కట్టుకున్నవాడి శవం. ఆమె ఎవరిని పట్టుకుని ఏడవాలి? అలరాజు పోయాక ఇక సంధిమాట ఎవరెత్తినా చెల్లలేదు.

వీరుల గుడిలో 66 మంది వీరులకు పూజలు జరుగుతాయి. అక్కడ అరుగుమీద కూర్చున్న పెద్దాయన ఒకరు బాలచంద్రుణ్ణి గురించి, మాంచాలను గురించి చెబుతూ ఎంతకీ ఆపడు. ఇంటిపిల్లల కబుర్లు చెప్పినట్టే ఉంది ఆ ధోరణి. మధ్యలో అందుకుని, "రాజుల సంగతేమిటండీ?" అన్నాను.

"మలిదేవుడు పోయాడు. నలగాముడు మిగిలాడు బాబూ. బ్రహ్మన్నే అతణ్ణి మళ్ళీ గద్దెమీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడు," అన్నాడాయన. ఆ వెంటనే మళ్ళీ బాలచంద్రుడి కథలో పడ్డాడు!

కార్తిక అమావాస్యనుంచి అయిదురోజులు ఇక్కడ తిరునాళ్ళు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరినుంచీ వీరుల ఆయుధాలు మోసుకువస్తారు. మందపోరునాడు కులభేదం లేకుండా చాపకూడు. చివరిరోజున ఆయుధాలు పట్టినవారు, ఆనాటి వీరులు కూలినట్టే నేలకొరుగుతారు.

"అప్పుడు రండి, మా ఇంట్లో దిగుదురుగాని," అన్నాడు పెద్దాయన. మాచర్ల బస్సు వచ్చేదాకా నన్ను కదలనివ్వలేదు.