పడడం నేర్చుకున్నవాడు

మా కళ్యాణదుర్గంలో వాన లేని ఏడు చేన్లో పని ఉండదు. పిల్లలకు ఆటే ఆట. ఎండిన వంకలో ఇసుకే మా గరిడీ. అక్కడ మా అందరినీ పడగొట్టినవాడు మా పెదనాయన కొడుకు.

పెద్దయినాక అన్న బెంగుళూరు పోయినాడు. జీతమిచ్చే సంస్థ లేదు. పిలిచిన చోటికల్లా పోయి ప్రొఫెషనల్ కుస్తీ పట్టేవాడు. బస్సు ఛార్జీ, బూట్లు అన్నీ సొంత ఖర్చే.

"అన్నా, గెలుపు ముందే రాసుకొంటారంట గదా?" అని ఎగతాళిగా అడిగినాను.

"గెలుపు రాసుకొంటారు అబ్బీ. పడేది మాత్రం నిజంగానే పడాల" అన్నాడు.

మిత్రులారా, ఈ బతుకు మనకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరంలో వ్యాయామం నేర్పే ఉద్యోగం వదలి సర్కస్ పెట్టినారు. గొలుసులు తెంచినారు, రొమ్ముపై ఏనుగును మోసినారు. చివరి రోజుల్లో కాలు పోగొట్టుకొని 1942లో కన్నుమూసినారు. చప్పట్లు కొట్టిన చేతులు దెబ్బను మోయవు గదా!

ఒక ఆటలో అన్న భుజం తప్పింది. పిలిచినవాళ్లు మళ్లీ పలకలేదు. పెదనాయన గొర్రెలమ్మి ఆస్పత్రి ఖర్చు కట్టినాడు. వానను నమ్మి వేసిన శనక్కాయ పంటకైనా బీమా ఉంది. అన్న భుజానికి లేదు.

ఆ ఎగతాళికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అన్న తిరిగొచ్చినాడు. సాయంత్రాలు ఆ వంకలోనే పిల్లలకు మొదటి పాఠం చెప్తున్నాడు: దెబ్బ తగలకుండా పడేదెట్లని.