ప్యాడ్లు అందాయి, నీళ్లు అందాలి

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దీపావళి దాటిందంటే సుగ్గి మాటలు, అంటే కూలి పనుల కోసం వలస పోయే మాటలు, మొదలవుతాయి. సొంత ఊళ్లో పత్తి తీతలు అయ్యీ కాకముందే కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతాయి. చంటిపిల్లల్ని చూసుకోవడానికో, కోతలో ఇంకో చెయ్యి సాయంగా ఉంటుందనో పెద్ద కూతురు కూడా వెంట పోతుంది. ఆ మండలాల్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నేను వెళ్లింది వలసల గురించి రాయడానికి కాదు. పెద్దమనిషి అయిన పిల్ల బడిలో నిలవాలంటే ఏమేం కావాలో, వాటిలో ఏవి అక్కడ ఉన్నాయో, ఏవి లేవో చూడటానికి వెళ్లాను. హెచ్చెమ్ గారు హాజరు పట్టీలు తీసి బల్ల మీద పెట్టారు. ఆరు, ఏడు తరగతుల్లో నిండుగా ఉన్న అమ్మాయిల పేర్లు తొమ్మిదికి వచ్చేసరికి పలచబడ్డాయి. మానేసిన పిల్లల గురించి అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పారు: ఈ పిల్ల సుగ్గికి పోయి తిరిగి రాలేదు, ఆ పిల్లకు పెళ్లి చేసేశారు, ఇంకో పిల్ల తల్లికి ఒంట్లో బాగాలేదు. నెలసరి అనే కారణం ఏ పేరు పక్కనా లేదు. ఉండదు కూడా. దాన్ని ఏ పిల్లా మాస్టారితో చెప్పదు, ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు. అందుకే బడి మానేసిన ఆడపిల్లల లెక్క తేల్చేటప్పుడు అందరూ ముందుగా మరిచిపోయేది దీన్నే.

స్టాఫ్ రూములో ఒక ఇనప బీరువా ఉంది. పై అరలో జవాబు పత్రాలు, కింది అరలో శానిటరీ ప్యాడ్ల పెట్టెలు. ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు మందుల షాపులో నల్ల కవరులో చుట్టి ఇచ్చే వస్తువు ఈ రోజు ప్రభుత్వ బడి బీరువాలో సుద్దముక్కల పక్కన ఉంది. 2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేశారు. 2019 ఆగస్టు నుంచి జనఔషధి దుకాణాల్లో ఒక్కో ప్యాడ్ రూపాయికే ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం మొదలుపెట్టి, ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు. ప్యాడ్ల విషయంలో మార్పు లెక్కల్లోనూ కనిపిస్తోంది. నెలసరిలో శుభ్రమైన పద్ధతులు వాడే 15 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లు దేశం మొత్తం మీద నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 57.6 శాతం ఉంటే, 2019-21 నాటి ఐదో సర్వేకు 77.3 శాతానికి చేరారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 85.1 శాతం, తెలంగాణలో 92.1 శాతం. ఇవి సంతోషించాల్సిన అంకెలే. అయితే ఆ సర్వే పిల్ల ఏం వాడుతోందని అడిగింది గానీ, దాన్ని ఎక్కడ మార్చుకుంటోందని అడగలేదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు బడి వెనక ఉంది. ఆడపిల్లల మరుగుదొడ్ల గోడలకు టైల్స్ వేశారు, బయట బొమ్మలు కూడా గీశారు. నాలుగు గదుల్లో ఒకదానికి లోపలి గడియ ఊడిపోయింది. ఆ గదిలోకి ఒక పిల్ల వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కొళాయిలు ఉన్నాయి. నీళ్లు పైనున్న సింటెక్స్ ట్యాంకు నుంచి రావాలి, ట్యాంకులోకి బోరు మోటరు ఎక్కించాలి. మోటరు పాడై మరమ్మతుకు పోయింది. అది వచ్చేదాకా ఆయా వంటగది పక్కనున్న తొట్టి నుంచి బకెట్లతో నీళ్లు మోసి పెడుతోంది. “నీళ్లుంటే కడిగేదానికి ఎంతసేపు మేడమ్, మోసేదే కష్టం” అందామె. మూత ఉన్న చెత్తడబ్బా గదుల్లో లేదు, వరండా చివర ఉంది. అంటే వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, చేత్తో పట్టుకుని, మగపిల్లలు ఆడుకునే వైపు నడిచి వెళ్లి పడేయాలి. పదమూడేళ్ల పిల్ల ఆ పని చేయదు. దొడ్డిలోనే పడేస్తుంది, గొట్టం పూడుకుపోతుంది, ఆ గదికి తాళం పడుతుంది. లేదంటే పొద్దున ఇంటి దగ్గర పెట్టుకున్న ప్యాడ్‌తోనే సాయంత్రం దాకా కూర్చుంటుంది, నీళ్లు తాగడం మానేస్తుంది. బీరువాలో పెట్టెలు నిండుగా ఉండి, ఈ గదిలో నీళ్లు లేకపోతే ఇచ్చిన ప్యాడ్ సగమే ఉపయోగపడుతుంది.

నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. బడిలో ఆడపిల్లకు నెలసరి న్యాయం జరగడమంటే వస్తువు పంచడం ఒక్కటే కాదు, మరుగుదొడ్డిని ప్రతిరోజూ నడపడం. పంచడం సులువు: టెండరు పిలుస్తారు, లారీ వస్తుంది, సంతకం పెట్టించుకుంటారు, ఫోటో దిగుతారు. నడపడానికి మోటరు రిపేరు డబ్బు, కడిగే మనిషి జీతం, గడియ బిగించే వడ్రంగి, వాటిని రోజూ చూసుకునే కన్ను కావాలి. వీటికి ఫోటోలు ఉండవు. కట్టడానికీ నడపడానికీ ఉన్న ఈ తేడా ఎంత పెద్దదో దేశం ఒకసారి చూసింది. 2014 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధాని ఏడాదిలోగా ప్రతి బడిలో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలన్నారు. దేశమంతా లక్షల్లో కట్టారు. వాటిలో ప్రభుత్వరంగ సంస్థలు కట్టించినవాటిని 15 రాష్ట్రాల్లో నమూనాగా పరిశీలించిన కాగ్, 72 శాతం చోట్ల లోపల నీటి సౌకర్యం లేదని 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో రాసింది. సగానికి పైగా చోట్ల చేతులు కడుక్కునే వీలు కూడా లేదు. మరోవైపు, వేరుగా కట్టిన మరుగుదొడ్డి నిజంగా పనిచేస్తుందనడానికీ ఆధారం ఉంది. 2000ల మొదట్లో మన ప్రభుత్వ బడుల్లో జరిగిన మరుగుదొడ్ల నిర్మాణాన్ని ఆర్థికవేత్త అంజలి అడుకియా పరిశీలించి 2017లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. చిన్న తరగతుల పిల్లలకు ఏ మరుగుదొడ్డి కట్టినా చేరికలు పెరిగాయి. ఈడొచ్చిన ఆడపిల్లల విషయంలో మాత్రం వాళ్లకంటూ వేరుగా కట్టిన చోటే బాగా పెరిగాయి. ఆ వయసు పిల్లకు గోడలొక్కటే కాదు, మరుగు కావాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం మంచిది కాదు. నేపాల్‌లోని చిత్వన్‌లో ఎమిలీ ఆస్టర్, రెబెకా థార్న్‌టన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బడిపిల్లల్లో కొందరికి మెన్‌స్ట్రువల్ కప్పులు ఇచ్చి, ఇవ్వనివాళ్లతో హాజరు పోల్చి చూశారు. 2011లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, 180 రోజుల బడి సంవత్సరంలో నెలసరి వల్ల పిల్లలు పోగొట్టుకునేది అర రోజు కూడా లేదు. కప్పులిచ్చినందువల్ల హాజరూ మారలేదు. దీన్ని పట్టుకుని “ఈ ఖర్చంతా దండగ, నెలసరికీ చదువుకూ సంబంధం లేదు” అనేవాళ్లు ఉన్నారు. ఇంకోవైపు మన దేశంలో జరిగిన 138 అధ్యయనాలను, సుమారు 97 వేల మంది అమ్మాయిల సమాచారాన్ని కలిపి 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వేసిన సమీక్షలో నలుగురిలో ఒకరు నెలసరి రోజుల్లో బడి మానుతున్నట్టు తేలింది. రెండూ నిజమే కావచ్చు. ఊరూ ఊరూ ఒకటి కాదు, బడులూ ఒకటి కావు. అసలు తేడా కొలిచే కొలతలో ఉందని నాకనిపిస్తుంది. హాజరు పొద్దున వేస్తారు. మధ్యాహ్న భోజనం గంట తర్వాత కడుపు నొప్పని ఇంటికెళ్లిన పిల్ల కూడా ఆ పట్టీలో వచ్చినట్టే లెక్క. లేచి నిలబడి జవాబు చెప్పడానికి భయపడి, వెనక బెంచీలో గౌను సర్దుకుంటూ లెక్కల పీరియడంతా కూర్చున్న పిల్ల కూడా వచ్చినట్టే లెక్క. పాఠం పోయిందా లేదా అన్నది ఆ పట్టీ చెప్పలేదు. నేపాల్ అధ్యయనం చెప్పింది కూడా వస్తువు ఒక్కటే ఇస్తే హాజరు పెరగదని. అది నా వాదనకు ఎదురు కాదు, దగ్గరే. అదీగాక, మగపిల్లలకు తాగునీళ్లిస్తే మార్కులు ఎంత పెరిగాయని మనం ఎప్పుడూ అడగం. ఆడపిల్లకు శుభ్రంగా ఉండే వీలు కల్పించడానికి మాత్రం హాజరు శాతం సాక్ష్యం ఎందుకు చెప్పాలి? అది ఆమెకు చెందాల్సింది కాబట్టి ఇవ్వాలి. హాజరు పెరిగితే మంచిదే.

ఇక పెళ్లి సంగతి. మరుగుదొడ్డిలో నీళ్లొస్తే బాల్యవివాహాలు ఆగిపోతాయని నేను అనను. పైన చెప్పిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇంకో అంకె ఉంది: 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశం మొత్తం మీద 23.3 శాతం. నెలసరిలో శుభ్రమైన పద్ధతుల వాడకంలో దేశ సగటును దాటిపోయిన రెండు రాష్ట్రాలూ చిన్నవయసు పెళ్లిళ్ల దగ్గర సగటు కంటే కిందికి దిగలేకపోయాయి. కారణం మనందరికీ తెలుసు. సమర్త ఫంక్షన్‌కు టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, చుట్టాలకు భోజనాలు పెట్టిన రోజునుంచి ఆ పిల్లను చూసే చూపు మారిపోతుంది. అప్పటిదాకా చదువుకునే పిల్ల, అప్పటినుంచి ఇంట్లో ఉన్న పెళ్లీడు పిల్ల. సుగ్గికి పోయే తల్లిదండ్రులకు ఆమెను ఊళ్లో ఒంటరిగా వదిలి వెళ్లాలంటే భయం, వెంట తీసుకెళ్తే చదువు పోతుంది, పెళ్లి చేస్తే బాధ్యత తీరుతుంది. ఆ లెక్కలో బడి తేలికగా ఓడిపోతుంది. నెలకు రెండు మూడు రోజులు పాఠాలు తప్పి, యూనిట్ టెస్టులో వెనకబడిన పిల్లయితే ఇంకా తేలికగా ఓడిపోతుంది. “ఎలాగూ చదువు ఎక్కడం లేదు” అనే మాటకు అక్కడ చోటు దొరుకుతుంది. ఆ మాటకు చోటివ్వకపోవడం మాత్రం బడి చేతిలో ఉన్న పనే.

చట్టం కూడా సరిగ్గా ఆ మలుపులోనే చెయ్యి వదిలేస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలి. అయితే ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. పెద్దమనిషి అయిన ఏడాది రెండేళ్లకే, ఎనిమిదో తరగతి దాటగానే, ఆ రక్షణ అయిపోతుంది. పాఠ్యపుస్తకమూ అంతే. చాలాకాలంగా కౌమారదశ పాఠం ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ఉంటూ వచ్చింది. అప్పటికే తరగతిలో చాలామందికి నెలసరి మొదలై ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన 2016 సమీక్షలోనే, మొదటిసారి రక్తం చూసేనాటికి ఇదేమిటో తెలిసిన అమ్మాయిలు సగం మందే అని ఉంది. మిగతా సగం మందికి అదేమిటో ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ పాఠం ఆరో తరగతిలో చెప్పాలి, అదీ మగపిల్లల్ని బయటికి పంపకుండా చెప్పాలి. గౌను మీద మరక చూసి నవ్వే పిల్లవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పలేదు. తెలిస్తే వాళ్లలో చాలామంది నవ్వరు.

ఇది ఇళ్లల్లో ఆడవాళ్లు చూసుకునే విషయం, మగ టీచర్లున్న బడికి ఎందుకు అనేవాళ్లకు ఒకే మాట. పిల్ల పగలంతా ఉండేది బడిలో. ఆ బడిలో లెక్కల మాస్టారు క్లాసు మధ్యలో బయటికి పంపకపోతే ఆమెకు ఏ ఇంటి సాయమూ అందదు. కారణం అడగకుండా పంపడానికి ఆయన జీవశాస్త్రం చదవక్కర్లేదు, ఒక్క నియమం పాటిస్తే చాలు. నేను చూసిన బడిలో ప్యాడ్ కావాల్సిన పిల్ల స్టాఫ్ రూముకు వచ్చి, అక్కడ ఎవరున్నా సరే, టీచరమ్మను పక్కకు పిలిచి అడగాలి. టీచరమ్మ సెలవులో ఉన్న రోజు బీరువా తాళం హెచ్చెమ్ గారి దగ్గర ఉంటుంది. ఆ రోజు ఎవరూ అడగరని ఆయనే ఒప్పుకున్నారు. పది ప్యాడ్లు ఆడపిల్లల మరుగుదొడ్డి పక్కనే ఒక చిన్న పెట్టెలో తాళం లేకుండా పెడితే సరిపోతుంది. ఒకరిద్దరు అదనంగా తీసుకెళ్తారని భయం ఉంటే ఉండనివ్వండి. ఇంట్లో అక్కకో అమ్మకో ఇస్తే మునిగిపోయేదేమీ లేదు.

డబ్బు లేదనే మాట ఒప్పుకోవడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో బడి మరుగుదొడ్ల నిర్వహణకని 2021 నుంచి, పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మఒడి పదిహేను వేలలో వెయ్యి మినహాయించారు, మరుసటి ఏడాది బడి నిర్వహణకు ఇంకో వెయ్యి కలిపి రెండు వేలు చేశారు. 2025 జూన్‌లో అదే సాయాన్ని తల్లికి వందనం పేరుతో ఇచ్చినప్పుడు కూడా తల్లి ఖాతాలో పడింది 13 వేలే. అంటే ప్రతి బిడ్డ పేరున తల్లి వాటాలో రెండు వేలు బడి నిర్వహణకే పోతున్నాయి. మిరప చేలో వంగి పనిచేసే ఆ తల్లి తన కూతురి మరుగుదొడ్డికి ముందే డబ్బు కట్టేసింది. ఆ డబ్బుతో మోటరు ఎందుకు బాగుపడలేదు, గడియ ఎందుకు బిగించలేదు, ఆయాకు జీతం నెలనెలా అందుతోందా అని అడిగే హక్కు ఆమెకు ఉంది. అడిగే చోటు పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో తల్లులు సభ్యులు. మీ ఊరి బడిలో ఆ కమిటీ తర్వాత ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి. మరుగుదొడ్ల నిర్వహణ ఖర్చును ఎజెండాలో మొదటి అంశంగా పెట్టించండి, పాస్‌బుక్కు చూపించమనండి, తీర్మానం రాయించి ఎంఈవోకు ఒక కాపీ పంపండి.