నాన్న ముద్ద, అత్త ముద్ద

జూన్ 2
తినకపోతే పోలీసుకు పట్టిస్తానంది మా ఆవిడ. మనవడికి నాలుగేళ్లు. అయితే ఈ బువ్వ ఆయనకే పెట్టేయ్ అన్నాడు.

జూన్ 3
ఇది నాన్న ముద్ద. ఇది అమ్మ ముద్ద. ఇది అత్త ముద్ద. చుట్టాలు అయిపోయారు. అన్నం మిగిలింది. పాలబ్బాయి ముద్ద, కేబులబ్బాయి ముద్ద.

జూన్ 5
భోజనాల దగ్గర ఫోన్లు వద్దంది కోడలు. రెండేళ్లు నిండనివాళ్లకు తెర అసలే వద్దని, ఆపైన ఐదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందులో పెద్దవాళ్ల ఊసు లేదు. మా అబ్బాయి అదే పట్టుకున్నాడు.

జూన్ 8, ఆదివారం
కాకరకాయ వేపుడు. మనవరాలు, చిన్నది, ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. ఉమ్మింది. కాసేపు దాన్నే చూసి మళ్లీ పెట్టుకుంది. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లయినా పడుతుందని పిల్లల డాక్టరు. మా నాన్నకు జీవితం చాల్లేదు.

జూన్ 9
చుట్టాలొచ్చారు. పిల్ల చిక్కిపోయిందన్నారు. అంగన్‌వాడీ కార్డు చూపించాను. బరువు గీత ఆకుపచ్చ పట్టీలోనే ఉంది. కార్డుదేముంది అన్నారు. వెళ్తూ దిష్టి తీయమన్నారు.

జూన్ 12
బళ్లు తెరిచారు. రాగిదోసె పెట్టిన డబ్బా ఖాళీగా వచ్చింది. మా ఆవిడ మురిసిపోయింది. మనవడి మూతికి పసుపు. పక్కవాడిది పులిహోరట.

జూన్ 13
ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు కోస్తోంది కోడలు. ఒక్కొక్కటీ. గుండ్రంగా ఉంటే గొంతుకు అడ్డం పడతాయి. పల్లీలూ అంతే, పొడి చేసే పెట్టాలి. మా రోజుల్లో గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని చెప్పి ఊరుకునేవాళ్లు.

జూన్ 15
రాత్రి భోజనాల మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టరూ మొరాయించింది. ఎవరి కంచంలో ఏముందో తెలీదు. ఇంకాస్త తిను అనే గొంతు లేదు. అంతా ఎవరిది వాళ్లు తింటున్నాం. మనవడు తోటకూర పప్పు మారు అడిగాడు. మా ఆవిడ తడుముకుంటూ వడ్డించింది. మళ్లీ అడిగాడు. లైట్లు వెలిగాయి. కంచంలోకి చూసుకున్నాడు. పచ్చగా ఉంది, వద్దు అన్నాడు.

జూన్ 16
మా ఆవిడ లైటు తీసేసి చూసింది. వాడు టార్చి తెచ్చుకున్నాడు.

జూన్ 18
రసాలు. చిన్నదాని గౌను విప్పి పెరట్లో కూర్చోబెట్టాం. ఎవరూ తినిపించలేదు. కథ చెప్పలేదు. మోచేతులదాకా కారింది. టెంక లాక్కుంటే ఏడ్చింది. ఈ వారంతో రసాలు ఆఖరంటున్నాడు బండివాడు.